రాళ్ల గురించి పాడ్‌కాస్ట్ మొదలుపెట్టాలని ఉంది: ఆలస్యమైందా? వీడియో తప్పదా?

#1 · రాళ్లగొంతు

అందరికీ నమస్కారం. నేను భూగర్భశాస్త్రం బోధిస్తాను. ఆరేళ్లుగా పాడ్‌కాస్టులు వింటున్నాను. గిన్నెలు తోముతూ, బట్టలు మడతపెడుతూ, సాయంత్రం నడుస్తూ విన్నవే అన్నీ. వాటిలో చాలావరకు నాకు ఏ సంబంధమూ లేని విషయాలు. వంతెనలు ఎందుకు కూలతాయి, తేనెటీగలు దారి ఎలా గుర్తుపెట్టుకుంటాయి, ఒక పాత కేసులో సాక్షి మాట ఎలా మారింది, ఇలాంటివి. చెప్పేవాళ్లకు ఆ విషయం మీద ఉన్న ఇష్టమే నన్ను చివరిదాకా కూర్చోబెట్టింది.

ఇప్పుడు నాకూ చెప్పాలని ఉంది. ఒక్కో భాగంలో ఒక్కో రాయి. అది ఎక్కడ పుట్టింది, ఎంత లోతు నుంచి పైకి వచ్చింది, మనిషి దాన్ని దేనికి వాడుకున్నాడు. ఇరవై నిమిషాలు దాటకూడదని అనుకుంటున్నాను.

ఎవరికి చెప్పినా రెండు మాటలు వినిపిస్తున్నాయి. ఇప్పటికే లక్షల పాడ్‌కాస్టులు ఉన్నాయి, చాలా ఆలస్యంగా వస్తున్నావు అనేది మొదటిది. రాయి కంటితో చూడాల్సిన వస్తువు, వీడియో తీయకుండా ఎలా అనేది రెండోది. మొదటి మాటను తట్టుకోగలను. రెండోది మాత్రం నన్ను నిద్రపోనివ్వడం లేదు, ఎందుకంటే తరగతిలో నేను కూడా ముందుగా రాయిని చేతిలో పెట్టి చూడమనే చెబుతాను. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

#2 · రేడియోమనిషి

రాళ్లగొంతు గారూ, ఆలస్యం అన్న మాట వదిలేయండి. రేడియోలో 22 ఏళ్లు ధ్వని కూర్పు పనిలో ఉన్నాను. ఆ ఉద్యోగంలో నన్ను ఎక్కువగా బాధపెట్టింది గడియారం. ప్రసంగానికి పద్నాలుగున్నర నిమిషాలు, వార్తలకు ముందు అరనిమిషం సంగీతం. జీవితమంతా ఒకే పని చేసిన ఒక వృద్ధుడు అసలు విషయం దగ్గరకు వస్తున్నప్పుడు గాజు తలుపు ఇవతల నుంచి చేత్తో సైగ చేసి ఆపించిన రోజు ఉంది. ఆయన ఆ మాట మళ్లీ ఎవరికీ చెప్పలేదు. పాడ్‌కాస్టు వచ్చి ఆ గడియారాన్ని గోడ మీద నుంచి దించేసింది. పదకొండు నిమిషాల్లో అయిపోయే సంగతికి పదకొండు, మూడు గంటలు పట్టే సంభాషణకు మూడు గంటలు. తప్పిపోతే రేపు వినవచ్చు, పదేళ్ల తరువాత కూడా వినవచ్చు.

అసలు ఈ పేరు ఎలా వచ్చిందో కొత్తవాళ్లకు తెలియకపోవచ్చు. 2004 ఫిబ్రవరిలో గార్డియన్ పత్రికలో బెన్ హామర్స్‌లీ అనే విలేఖరి ఈ కొత్త ప్రక్రియను ఏమని పిలవాలా అని ఆలోచిస్తూ రెండు మూడు పేర్లు రాశారు. వాటిలో ఒకటి పాడ్‌కాస్టింగ్. ఐపాడ్‌లోంచి సగం, బ్రాడ్‌కాస్ట్‌లోంచి సగం. మరుసటి ఏడాది జూన్‌లో ఆపిల్ తన ఐట్యూన్స్‌లో వీటికి చోటు ఇచ్చింది. రెండు రోజుల్లోనే పది లక్షల చందాలు నమోదయ్యాయని ఆ సంస్థ ప్రకటించింది. ఆ సంవత్సరాంతానికి న్యూ ఆక్స్‌ఫర్డ్ అమెరికన్ నిఘంటువు దీన్ని ఏటి మేటి పదంగా ఎంచుకుంది. ఐపాడ్ తయారీ 2022లో ఆగిపోయింది. దాని పేరు మోస్తున్న ఈ పదం మాత్రం నిలిచింది.

ఇక రాయి కనిపించదన్న భయం. ఒకసారి నాటకం కోసం స్టూడియోలో ఒక తొట్టి నీళ్లు, ఒక చేట, రెండు గులకరాళ్లతో ఏటి ఒడ్డు తయారుచేశాం. ప్రసారమయ్యాక ఒక శ్రోత ఉత్తరం రాశారు. ఆ ఏటికి కుడివైపు ఇసుక, ఎడమవైపు రాతిగట్టు ఉన్నాయని, అక్కడ తాము చిన్నప్పుడు ఈతకొట్టిన చోటు గుర్తొచ్చిందని. కుడి ఎడమల గురించి మేమేమీ చెప్పలేదు. అప్పుడు మాకు స్టీరియో కూడా లేదు.

#3 · తెరవైపు

రేడియోమనిషి గారి అనుభవం మీద నాకు గౌరవం ఉంది. అయినా నా అభిప్రాయం వేరు, దాన్ని దాచను.

నేను మూడేళ్లుగా వంతెన నిర్మాణం మీద కార్యక్రమం చేస్తున్నాను. మొదటి ఏడాది ధ్వని మాత్రమే. చక్కగా చేశాం, శ్రద్ధగా చేశాం, ఎవరికీ చేరలేదు. అదే సంభాషణను రెండు కెమెరాలు పెట్టి తీయడం మొదలుపెట్టాక మనుషులు వచ్చారు. కారణం మాట నాణ్యత పెరగడం కాదని నాకు తెలుసు. ధ్వని ఫైలును ఎవరైనా వెతుక్కుంటూ రావాలి. వీడియోను వేదికే తీసుకెళ్లి తెలియనివాళ్ల ముందు పెడుతుంది. యూట్యూబ్‌లో నెలకు వంద కోట్ల మందికి పైగా పాడ్‌కాస్టులు చూస్తున్నారని ఆ సంస్థ 2025 ఫిబ్రవరిలో ప్రకటించింది. చూస్తున్నవాళ్లలో చాలామంది తెరను పక్కన పెట్టి వింటూనే ఉంటారేమో, అయినా వాళ్లు దొరికింది అక్కడే.

రాళ్లగొంతు గారూ, మీ చేతిలో రాయి ఉంది. గ్రానైటులో తళతళలాడే స్ఫటికాలను చూపించే అవకాశాన్ని ఎందుకు వదులుకోవాలి?

#4 · రాత్రిపని

నేను తయారుచేసేవాణ్ని కాను, వినేవాణ్ని. రాత్రి పదింటి నుంచి పొద్దున్న ఆరింటిదాకా గిడ్డంగిలో సరుకు సర్దుతాను. చేతులు ఖాళీ ఉండవు, కళ్లు ఖాళీ ఉండవు. చెవులు ఖాళీ. నాకు మిగిలింది ఆ ఒక్కటే.

తెరవైపు గారూ, వీడియోగా మారిన కార్యక్రమాల్లో ఒక మార్పు నేను గమనించాను. ‘ఇదిగో చూడండి’ అంటారు. ‘ఇక్కడ ఈ గీత ఉంది కదా’ అంటారు. అందరూ నవ్వుతారు, ఎందుకో నాకు తెలియదు. నా కోసం మాట్లాడుతున్న మనిషి ఉన్నట్టుండి తల తిప్పి వేరేవాళ్లతో మాట్లాడినట్టు ఉంటుంది. వీడియో తీయండి, తప్పులేదు. కానీ చూడని మనిషి ఒకడు అవతల ఉన్నాడని గుర్తుంచుకుని మాట్లాడండి.

గత ఏడాది ఒక కష్టమైన కాలంలో నాలుగు నెలలపాటు ఒకే ఒక్క గొంతు నన్ను పనిలో నిలబెట్టింది. ఖగోళం గురించి చెప్పే ఒక సాధారణ ఉపాధ్యాయిని. ఆవిడ ముఖం నేను ఈనాటికీ చూడలేదు.

#5 · తీగలమనిషి

వీడియోనా ధ్వనా అన్నదానికంటే నన్ను ఎక్కువగా పట్టి పీడించే ప్రశ్న వేరే ఉంది. మీ శ్రోతల చందా ఎవరి చేతిలో ఉంటుంది? దయచేసి దీన్ని సాంకేతిక విషయం అని దాటేయకండి. కాస్త ఓపికగా చదవండి.

పాడ్‌కాస్టు వెనక ఉన్నది చాలా సాదా ఏర్పాటు. ఆర్‌ఎస్‌ఎస్ అనే ఒక పాఠ్య ఫైలు. దాన్ని మనం ఫీడ్ అంటాం. అందులో భాగం పేరు, తేదీ, చిన్న వివరణ, ధ్వని ఫైలు ఉన్న చిరునామా ఉంటాయి. ఆ చిరునామాను జతచేసే సౌకర్యాన్ని 2000 చివర్లో డేవ్ వైనర్ అనే సాఫ్ట్‌వేర్ రచయిత చేర్చారు. ఒకప్పటి టీవీ వ్యాఖ్యాత ఆడమ్ కర్రీ దానికి ఒత్తిడి తెచ్చినవారు, తరువాత తన సొంత కార్యక్రమంతో ప్రచారం చేసినవారు. శ్రోత వాడే యాప్ ఆ ఫైలును అప్పుడప్పుడూ తెరిచి చూస్తుంది. కొత్త భాగం కనబడితే తెచ్చుకుంటుంది. అంతే. మధ్యలో ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఏ యాప్‌లో విన్నా అదే కార్యక్రమం. ఒక యాప్ మూతపడితే శ్రోత ఇంకో యాప్‌కు వెళ్లి అదే ఫీడును మళ్లీ పెట్టుకుంటాడు. గూగుల్ పాడ్‌కాస్ట్స్ 2024లో మూతపడినప్పుడు జరిగింది అదే. యాప్ పోయింది, దానిలో వింటున్న కార్యక్రమాలకు ఏమీ కాలేదు.

ఇప్పుడు నా కథ. నాలుగేళ్ల కిందట నేను, నా మిత్రుడు చదరంగం మీద పాడ్‌కాస్టు నడిపాం. ఉచితంగా ఫైళ్లు పెట్టుకోనిచ్చే ఒక సేవలో ఉంచాం. ఫీడు చిరునామా కూడా వాళ్లదే. 61 భాగాలయ్యాక ఆ సేవ ముప్పై రోజుల గడువిచ్చి మూసేసింది. ఫైళ్లు దక్కించుకున్నాం. శ్రోతలు దక్కలేదు. పాత చిరునామా నుంచి కొత్తదానికి శాశ్వతంగా దారి మళ్లించే ఏర్పాటు ఉంటుంది, దాన్ని 301 అంటారు. అది పెట్టాలంటే పాత సేవ ఒప్పుకోవాలి. ఎన్ని ఉత్తరాలు రాసినా జవాబు రాలేదు. మమ్మల్ని ప్రతి వారం వింటున్నవాళ్ల ఫోన్లలో మేము ఒక రోజు హఠాత్తుగా మూగబోయాం. వాళ్లలో చాలామంది మేము మానేశామనే అనుకుని ఉంటారు. మేము ఎక్కడికి వెళ్లామో చెప్పడానికి మా దగ్గర వాళ్ల పేరు కూడా లేదు.

అందుకే చేతులు జోడించి చెబుతున్నాను. ముందు సొంత డొమైన్, అంటే ఇంటర్నెట్‌లో మీ పేరు మీద ఉండే చిరునామా, కొనుక్కోండి. ఫీడు చిరునామా దాని మీదే ఉండాలి. ఫైళ్లు ఎక్కడ ఉన్నా ఫరవాలేదు, రేపు మార్చుకోవచ్చు. ఏ సేవలో చేరినా, వెళ్లిపోయేటప్పుడు 301 ఇస్తారా అని చేరే రోజే అడగండి. యూట్యూబ్‌లో, స్పాటిఫైలో కూడా పెట్టండి, అవి కిటికీలు. ఇంటి తాళం మాత్రం మీ దగ్గర ఉండాలి.

#6 · తెరవైపు

తీగలమనిషి గారూ, మీ 61 భాగాల సంగతి చదివి మనసు కలుక్కుమంది. ఫీడు విషయంలో మీతో వాదన లేదు. నా ఛానల్ రేపు మూసుకుపోతే నా పరిస్థితీ అంతేనని ఇప్పుడే లెక్క వేసుకున్నాను. ఈ వారంలో సొంత ఫీడు పెడతాను. రాత్రిపని గారు చెప్పింది కూడా నిజం. మా గత భాగం మళ్లీ కళ్లు మూసుకుని విన్నాను. మొత్తం మీద ‘ఇలా’, ‘ఇక్కడ’ అన్న మాటలు నలభైకి పైగా దొర్లాయి. ఇలా అంటే ఎలా?

అయినా కనబడటం అన్న సమస్య అలాగే ఉంది. తాళం నా దగ్గర ఉంది సరే, ఇల్లు ఎక్కడుందో ఎవరికి తెలుసు?

#7 · లెక్కలపుస్తకం

ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికి ముందు అంకెల గురించి ఒక మాట. ప్రకటనల వ్యవహారాలు చూసిన అనుభవంతో చెబుతున్నాను.

పాడ్‌కాస్టులో ‘డౌన్‌లోడ్’ అంటే విన్నట్టు కాదు. ఐఏబీ అనే ప్రకటనల సంఘం పెట్టిన కొలత ప్రకారం, కనీసం ఒక నిమిషం ధ్వనికి సరిపడా ఫైలు దిగితే ఒక డౌన్‌లోడ్. తరువాత ఆ మనిషి విన్నాడో లేదో ఫీడుకు తెలియదు. 2023 సెప్టెంబరులో ఐఫోన్ కొత్త వ్యవస్థ ఐఓఎస్ 17 వచ్చినప్పుడు, వినకుండా వదిలేసిన కార్యక్రమాల పాత భాగాలను తనంతట తాను దించుకోవడం ఆపేసింది. చాలా పెద్ద కార్యక్రమాల అంకెలు అకస్మాత్తుగా పడిపోయాయి. శ్రోతలు ఎక్కడికీ పోలేదు. వినని ఫైళ్ల లెక్క మాత్రమే పోయింది. దాన్ని చూసి కార్యక్రమం మూసేద్దామనుకున్నవాళ్లను నేను ఎరుగుదును.

డబ్బు సంగతి సూటిగా చెప్పాలి. ప్రకటనల ధర వెయ్యి డౌన్‌లోడ్లకు ఇంత అని ఉంటుంది. మూడు వందల మంది వినే కార్యక్రమానికి ఆ దారిలో వచ్చేది ఏమీ ఉండదు. చిన్న కార్యక్రమాలు నిలబడితే నేరుగా శ్రోతలిచ్చే నెలసరి చందాతో నిలబడతాయి, లేదా వేరే ఉద్యోగం నిలబెడుతుంది. పెద్ద డబ్బు వచ్చి వెళ్లిన తీరు కూడా చూశాం. స్పాటిఫై 2019లో గిమ్లెట్, యాంకర్ అనే పాడ్‌కాస్టు సంస్థలను కొన్నది. 2020లో అమెరికా హాస్యనటుడు జో రోగన్ కార్యక్రమాన్ని తన దగ్గర తప్ప మరెక్కడా దొరకకుండా ఒప్పందం చేసుకుంది. 2023లో గిమ్లెట్‌ను వేరే విభాగంలో కలిపేసి దాదాపు 200 మందిని తీసేసింది. 2024 కొత్త ఒప్పందం నాటికి రోగన్ కార్యక్రమం మళ్లీ అన్నిచోట్లా దొరకడం మొదలైంది. గోడ కట్టి శ్రోతలను లోపల ఉంచుదామన్న ఆలోచన అంత తేలిగ్గా పారలేదని నాకు అర్థమైంది.

రాళ్లగొంతు గారూ, మీ తరగతిలో ఎంతమంది ఉంటారు? నలభై? ప్రతి వారం మూడు వందల మంది తమంతట తాము వచ్చి ఇరవై నిమిషాలు కదలకుండా వింటే ఆ గది ఎంత పెద్దదో ఒకసారి ఊహించుకోండి.

#8 · చదివేచెవి

నమస్కారం. ఇలాంటి చర్చల్లో నేను సాధారణంగా మాట్లాడను. నాకు కుడి చెవి పూర్తిగా వినిపించదు, ఎడమది సగం. అయినా నేను పాడ్‌కాస్టుల అభిమానిని. చదువుతాను.

పాఠం, అంటే మాట్లాడిందంతా అక్షరాల్లో, జతచేసిన కార్యక్రమాలు నాకు ఒక లోకాన్ని ఇచ్చాయి. మనుషులు అచ్చులో రాసే మాటకూ, ఎదురుగా కూర్చుని చెప్పే మాటకూ ఎంత తేడా ఉంటుందో! తడబడటం, మాట మార్చుకోవడం, ‘ఆగండి, అలా కాదు’ అని మళ్లీ మొదలుపెట్టడం. పుస్తకంలో అవి దొరకవు. ఆపిల్ 2024 మార్చి నుంచి తన యాప్‌లో పాఠాన్ని యంత్రంతోనే తయారుచేసి చూపిస్తోంది. మొదట నాలుగు భాషలకే, ఇంగ్లీషు, ఫ్రెంచి, స్పానిష్, జర్మన్. యంత్రానికి నేర్పడానికి సమృద్ధిగా సామగ్రి ఉన్న భాషలు ముందు, మిగిలినవి తరువాత. ఆ ‘తరువాత’లో ఉన్నవాళ్లం ఎంతకాలం ఎదురుచూడాలి?

కనబడటం గురించి తెరవైపు గారు అడిగారు. వెతుకుడు యంత్రాలకు ధ్వని కంటే అక్షరాలు తేలిక. ప్రతి భాగానికీ పాఠం పెడితే నాలాంటివాళ్లకు దారి దొరుకుతుంది, ‘గ్రానైట్ ఎలా పుడుతుంది’ అని వెతికే విద్యార్థికీ దొరుకుతుంది. దయ కోసం అడగడం లేదు. నేనూ మీ శ్రోతనే.

#9 · తీగలమనిషి

చదివేచెవి గారు అడిగినదానికి ఏర్పాటు ఇప్పటికే ఉంది. ఆడమ్ కర్రీ, డేవ్ జోన్స్ కలిసి 2020లో పాడ్‌కాస్ట్ ఇండెక్స్ అనే స్వేచ్ఛా సూచికను ప్రారంభించారు. దానితోపాటే ఫీడులో కొత్త గుర్తులు చేర్చే ప్రయత్నం మొదలైంది. పాఠం ఫైలు ఎక్కడుందో చెప్పేది ఒకటి, అధ్యాయాలను విడదీసేది ఒకటి, శ్రోత నేరుగా చెల్లించే వీలు కల్పించేది ఇంకొకటి. మీరు చేత్తో సరిదిద్దిన పాఠాన్ని ఫీడులో పెడితే, ఆ గుర్తును చదివే యాప్‌లన్నీ దాన్ని చూపిస్తాయి. మాటను అక్షరాలుగా మార్చే విస్పర్ లాంటి ఉచిత పరికరంతో మొదటి ప్రతి తీసుకోవచ్చు. తక్కువ సామగ్రి ఉన్న భాషల్లో అది చాలా తప్పులు చేస్తుంది, నిశ్శబ్దం వచ్చిన చోట లేని వాక్యాలు కూడా అల్లుతుంది. కాబట్టి మనిషి కన్ను తప్పదు.

#10 · రాళ్లగొంతు

రెండు రోజులు బడి పనిలో పడి రాలేదు. ఇన్ని జవాబులు చూసి గుండె నిండిపోయింది. చదివేచెవి గారూ, పాఠం పెడతాను. ఇది మాట.

యంత్రం ప్రస్తావన వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. నా సహోద్యోగి ఒకరు నా పాఠం నోట్సును ఒక సేవలో వేస్తే, రెండు గొంతులు దాని గురించి చర్చించుకుంటున్నట్టు ధ్వని పది నిమిషాల్లో వచ్చేసింది. తప్పులు పెద్దగా లేవు. ‘నీకింక మైకు ఎందుకు’ అన్నారాయన. ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను.

#11 · రాత్రిపని

గూగుల్ నోట్‌బుక్‌ఎల్‌ఎమ్‌లో 2024 నుంచి ఆ సౌకర్యం ఉంది, నేనూ విన్నాను. మొదటి అయిదు నిమిషాలు ఆశ్చర్యపోయాను. మూడోసారి విన్నప్పుడు ఒకటి గమనించాను. ఆ రెండు గొంతులూ ప్రతి వాక్యానికీ ఒకే మోతాదులో ఆశ్చర్యపోతాయి. అగ్నిపర్వతమైనా, పన్నుల పట్టిక అయినా అంతే. నేను విన్న ఆ ఖగోళ ఉపాధ్యాయిని ఒక్కసారే ఆశ్చర్యపోయింది, శనిగ్రహం ఉంగరాలను మొదటిసారి దూరదర్శినిలో చూసిన రోజును తలుచుకుంటూ. మధ్యలో మాట ఆగిపోయింది. నాలుగు సెకన్లు నిశ్శబ్దం. నేను పెట్టె చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

మీరు మైకు కొనండి.

#12 · రేడియోమనిషి

యంత్రాన్ని పూర్తిగా తోసిపుచ్చను. వెనకాల గాలి మోత తగ్గించడానికి, రెండు గొంతుల స్థాయిని సమం చేయడానికి నేనూ వాడతాను. అప్పట్లో బ్లేడుతో టేపు కోసి అతికించి గంటసేపు చేసిన పని ఇప్పుడు నిమిషంలో అవుతుంది. గొంతు మాత్రం మనిషిదే ఉండాలన్నది నా పట్టుదల.

ఇక అసలు పని. మైకు మీద ఎక్కువ ఖర్చు పెట్టకండి, గది మీద శ్రద్ధ పెట్టండి. కొత్తవాళ్లు చేసే తప్పుల్లో ముక్కాలు వంతు గదివే. ఖాళీ గోడల మధ్య చప్పట్లు కొట్టి చూడండి, వెనకాలే ఒక టింగుమనే తోక వినిపిస్తే ఆ గది పనికిరాదు. బట్టల బీరువా తలుపులు తెరిచి దాని ముందు కూర్చోండి, వెనకాల మందపాటి దుప్పటి వేలాడదీయండి. కండెన్సర్ రకం మైకు సున్నితమైనది, మీ గొంతుతోపాటు వీధినీ, పంకానూ పట్టుకుంటుంది. మామూలు గదికి డైనమిక్ రకం మేలు. నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకు పెట్టండి. ఎదురుగా పెడితే ‘ప’, ‘భ’ అన్నప్పుడల్లా గాలి దెబ్బ తగులుతుంది. మన భాషలో ఒత్తక్షరాలు ఎక్కువ కాబట్టి ఇది ఇంకా ముఖ్యం.

మాట మొదలుపెట్టే ముందు అరనిమిషం ఊరికే కూర్చుని గది నిశ్శబ్దాన్ని రికార్డు చేయండి. కూర్పులో ఒక దగ్గు తీసేసినప్పుడు ఆ ఖాళీలో పూర్తి శూన్యం పెడితే చెవి ఉలిక్కిపడుతుంది. మీ గది నిశ్శబ్దాన్ని అక్కడ అతికిస్తే ఎవరికీ తెలియదు. ప్రతి గదికీ దాని సొంత నిశ్శబ్దం ఉంటుంది, ఇది నాకు మా గురువు నేర్పిన మొదటి పాఠం.

ధ్వని కూర్పుకు ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, మీ పనికి చాలు. శబ్దం ఎంత బిగ్గరగా వినిపిస్తుందో ఎల్‌యూఎఫ్‌ఎస్‌లో కొలుస్తారు; చివరి స్థాయి మైనస్ 16 ఎల్‌యూఎఫ్‌ఎస్ దగ్గర ఉంచండి, ఆపిల్ సూచించేది అదే. అప్పుడు మీ ముందు విన్న కార్యక్రమం నుంచి మీ దాకా వచ్చిన శ్రోత శబ్దం పెంచుకోవడమో తగ్గించుకోవడమో చేయనక్కర్లేదు. ఒక్క గొంతే కాబట్టి మోనోలో, 64 కేబీపీఎస్ ఎంపీ3 చాలు. గంట ధ్వని 29 ఎంబీకి దగ్గరగా ఉంటుంది. మీ ఇరవై నిమిషాలు పది ఎంబీ లోపే. నెట్ సరిగా అందని చోట వినేవాళ్లకు ఇది ఎంత మేలో చెప్పలేను.

ఇంకో మాట. మీ చేతిలో రాయి ఉంది కదా. మాట్లాడకముందు దాన్ని మోగించండి.

#13 · ఆగినపాట

నేను తొమ్మిది భాగాలు చేసి ఆపేసినదాన్ని. అలా ఆగిపోయేవాళ్లు ఎక్కువమందే, ఇంగ్లీషులో దానికి పాడ్‌ఫేడ్ అని పేరు కూడా ఉంది. వారానికొకటి అని ప్రకటించాను. ఇరవై నిమిషాల భాగానికి నాకు తొమ్మిది గంటల పని పట్టేది. అయిదో వారానికి నిద్ర తగ్గింది, ఏడో వారానికి విషయం మీద ఇష్టం తగ్గింది. ఆపినందుకు ఇప్పటికీ బాధ ఉంది.

రాళ్లగొంతు గారూ, ‘ప్రతి వారం’ అని మాట ఇవ్వకండి. ఆరు భాగాలు పూర్తిగా తయారయ్యాక మొదటిది విడుదల చేయండి. ఆ ఆరూ అయ్యాక ఇది మొదటి విడత అని చెప్పి ఆగండి. ఆగుతున్నామని చెప్పి ఆగితే శ్రోత ఎదురుచూస్తాడు. సీరియల్ అనే కార్యక్రమం 2014లో ఒకే కేసును 12 భాగాల్లో చెప్పి విడతను ముగించింది. ప్రసార కార్యక్రమాలకిచ్చే పీబాడీ పురస్కారం అందుకున్న మొదటి పాడ్‌కాస్టు అదే. ఏడాదంతా నడపాలన్న నియమం ఎవరు పెట్టారు?

మీది మొదలైతే నా పదో భాగం నేనూ రికార్డు చేస్తాను.

#14 · రాళ్లగొంతు

రేడియోమనిషి గారి చివరి వాక్యం చదివి లేచి వెళ్లి సుత్తి తెచ్చుకున్నాను.

ఇది మా పనిలో రోజూ చేసేదే, అయినా దాన్ని ధ్వనిగా ఎన్నడూ ఆలోచించలేదు! పొలంలో, కొండ మీద రాయి ఎంత గట్టిగా ఉందో తెలుసుకోవడానికి సుత్తితో కొట్టి వింటాం. లోపల చెడని రాయి ఖంగుమంటుంది. వానకూ ఎండకూ లోపలి ఖనిజాలు మారిపోయి కుళ్లిన రాయి దబ్బుమంటుంది. పైకి రెండూ ఒకేలా కనిపించవచ్చు. ఫోనొలైట్ అని ఒక అగ్నిశిల ఉంది, ఆ పేరుకు గ్రీకులో అర్థమే మోగే రాయి. పలుచని పలకగా ఉంటే గంటలా పలుకుతుంది. సున్నపురాయి మీద పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేస్తే బుసబుసమంటుంది, చెవి దగ్గర పెట్టుకుంటే వినిపిస్తుంది. ఇరవై ఏళ్లుగా ‘చూడండి, నురగ వస్తోంది’ అని పిల్లలకు చెబుతున్నాను. ‘వినండి’ అని ఒక్కసారీ చెప్పలేదు.

తెరవైపు గారూ, మీరు చెప్పిన స్ఫటికాల ఫోటోలు పాఠంతోపాటు పెడతాను. కార్యక్రమం మాత్రం ధ్వనిలోనే. డొమైన్ నిన్న తీసుకున్నాను. బీరువా ముందు దుప్పటి కట్టి మూడు నిమిషాల నమూనా చేశాను. లంకె కింద ఇస్తున్నాను. మూడు శబ్దాలున్నాయి, ఏది ఏ రాయో ముందు చెప్పలేదు. విని చెప్పండి.

#15 · రాత్రిపని

పనిలో విన్నాను. మొదటిది గట్టి రాయి, రెండోది కుళ్లినది, మూడోది ఆమ్లం. రెండో దెబ్బ వినగానే పక్కనున్న ఇనుప అరను వేలితో కొట్టి చూశాను, దానికీ మోత ఉంది. ఇక ఈ రాత్రంతా అన్నిటినీ కొట్టి చూస్తాను.

#16 · రేడియోమనిషి

గది బాగుంది. మొదటి దెబ్బ తరువాత మోత పూర్తిగా ఆగేదాకా మీరు మాట్లాడలేదు, అది నాకు చాలా నచ్చింది. సుత్తి దెబ్బకు స్థాయి కాస్త ఎక్కువైంది, మైకును రెండు జానల దూరం జరపండి.

#17 · తెరవైపు

మూడుసార్లు విన్నాను. వీడియో తీసి ఉంటే మొదటి దెబ్బకే రాయి రంగు చూసి చెప్పేసేవాణ్ని. ఇక్కడ ఆగి వినాల్సి వచ్చింది. కనబడే సమస్య అలాగే ఉందని ఇప్పటికీ అంటాను. ఈ మూడు నిమిషాల మీద ఒక చిన్న వీడియో నేను చేసి నా ఛానల్‌లో పెట్టి, మీ ఫీడు చిరునామా ఇస్తాను, మీకు సమ్మతమైతే.

#18 · చదివేచెవి

నమూనాకు పాఠం లేదు. మాట ఇచ్చారు కదా, అందుకే అడుగుతున్నాను. మాటలు సరే, ఆ మూడు శబ్దాలను ఎలా రాస్తారో చూడాలని ఉంది. చాలాచోట్ల ‘శబ్దం’ అని రాసి వదిలేస్తారు.

#19 · రాళ్లగొంతు

తెరవైపు గారూ, సంతోషంగా ఒప్పుకుంటున్నాను.

చదివేచెవి గారూ, క్షమించండి, నమూనా కదా అని బద్ధకించాను. ఇదిగో, ఇప్పుడే రాశాను.

తాజా గ్రానైట్ మీద సుత్తి: ఖంగు. సన్నని, పైకి లేచే మోత. సుత్తి చేతిలో ఎగిరిపడుతుంది. రెండు సెకన్లు నిలిచి, దారంలా సాగి ఆగుతుంది.

కుళ్లిన గ్రానైట్ మీద సుత్తి: దబ్. వెంటనే అయిపోతుంది. తడి మట్టి మీద పిడికిలి పడినట్టు. తరువాత రాలిన రేణువుల సరసర.

సున్నపురాయి మీద ఆమ్లం: మొదట ఏమీ లేదు. తరువాత సన్నని బుస, పెద్దదై, చిన్న బుడగలు ఒక్కొక్కటిగా పగులుతూ తగ్గిపోతుంది. పదకొండు సెకన్లు.

#20 · చదివేచెవి

చదివి పెరట్లోకి వెళ్లాను. పెద్ద రాయి ఒకటి ఉంది. ఒక అరచెయ్యి దాని మీద ఆనించి, ఇంకో చేత్తో ఇనుప గరిటెతో కొట్టాను. మోత వేళ్లలోకి వచ్చి మణికట్టు దాకా పాకింది. అది ఖంగే అయి ఉండాలి.

తరువాతి భాగం ఏ రాయి?

#21 · రాళ్లగొంతు

నురుగురాయి. అగ్నిపర్వతంలోంచి వాయు బుడగలతో సహా గడ్డకట్టినది, నీళ్ల మీద తేలుతుంది. బకెట్లో వేసి రికార్డు చేస్తాను. మీరూ ఒక ముక్క సంపాదించండి, పాఠంలో ఎక్కడ నీళ్లలో చెయ్యి పెట్టాలో గుర్తు పెడతాను.